టోపీ తీసి మాట్లాడిన ఆఫీసరు

మా ముత్తాత జగ్గారాయుడు గారు మునసబు. ఆయన కొడుకు, మా తాత నరసింహారాయుడు గారు, మునసబు. ఏలేరు ఒడ్డున మూడు ఊళ్ళ శిస్తు వసూలు, చిన్న తగవుల తీర్పు, దొంగతనాల విచారణ వాళ్ళ చేతుల మీదుగా జరిగేవి. ఇద్దరు తలారులు కర్రలు పట్టుకుని మా వాకిట్లో ఉండేవారు. సర్కిల్ ఇన్‌స్పెక్టరు మా అరుగు ఎక్కే ముందు టోపీ తీసి చంకలో పెట్టుకునేవాడు. ఇది నేను విన్నది కాదు, కళ్ళారా చూసింది. నాకు పదేళ్ళప్పుడు ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో రాష్ట్రమంతటా ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి. మా తాత రికార్డులన్నీ తాలూకా ఆఫీసులో అప్పగించి వచ్చి, ఆ రోజు నుంచి అరుగు మీద కూర్చోవడం మానేశారు. మా నాన్నకి అరుగు మిగిలింది గానీ దాన్ని ఎక్కేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

నేను ఇప్పుడు వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో ఉంటాను. కిటికీలు లేని ఒక పెద్ద డేటా సెంటర్లో, ఎవరివో యంత్రాలు ఆగిపోకుండా చూడటం నా ఉద్యోగం. వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చోవడం తప్ప ఆ ఇంటి నుంచి నేను తెచ్చుకున్నది ఏమీ లేదు. ఇదంతా గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఈ చలికాలంలో పోయిన ఒక పోలీసు గురించి రాయబోతున్నాను. ఆయన ముందు కూర్చున్నవాడు ఎటువంటివాడో ముందు తెలియాలి.

ఆయన పోయారని నాకు మా అమ్మాయి మేధ చెప్పింది. రిచ్‌మండ్‌లో కాలేజీ రెండో ఏడు చదువుతోంది. నాకు తనంతట తను మెసేజ్ పెట్టడం అరుదు. ఫ్యునరల్ హోమ్ వాళ్ళు వేసిన ప్రకటన పంపి, కింద ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసింది: "ఆయనతో నేను చాలా మీన్‌గా మాట్లాడాను నాన్నా."

ఆ వాక్యం చదివి నేను ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఆయన పేరు నేను రాయను. పిల్లలు కూడా పేరుతో పిలిచేవారు కాదు. "ఆఫీసర్" అనేవారు, అంతే. ఇక్కడ చాలా హైస్కూళ్ళలో ఒక పోలీసు ఉంటాడు. యూనిఫాం ఉంటుంది, నడుముకి తుపాకీ ఉంటుంది, బెల్లు కొట్టగానే పిల్లలతో పాటు వరండాలో నడుస్తాడు. మొదట చూసినప్పుడు బడిలో పోలీసేమిటని నాకు ఒళ్ళు మండింది. ఎవరైనా తుపాకీతో లోపలికొస్తే అడ్డుపడటానికని తర్వాత తెలిసింది. అది తెలిశాక మంట పోయి భయం పట్టుకుంది.

భారీ మనిషి. ఎడమ మోకాలు పాడైపోయి, ఆ కాలు కొంచెం ఈడ్చేవాడు. నడుస్తుంటే నడుము దగ్గర తాళంచెవులు ఒక అడుగుకి గట్టిగా, ఒక అడుగుకి మెల్లగా మోగేవి. ఆ చప్పుడు విని పిల్లలు తల తిప్పకుండానే దారి ఇచ్చేవారట. ఇవన్నీ మేధ చెప్పినవి. తను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం వంటింట్లో ఆపిల్ తీసుకుంది. మా ఆవిడ కత్తి అందించబోయింది.

"కత్తి వద్దమ్మా," అని రెండు బొటనవేళ్ళు కాడ దగ్గర ఆనించి నొక్కింది. ఆపిల్ ఫట్‌మని రెండు ముక్కలైంది.

"ఎవరు నేర్పారే ఇది?" అన్నాను.

"ఆఫీసర్. స్కూల్లోకి నైఫ్ తేకూడదు కదా నాన్నా. తను మాత్రం తెస్తే బాగోదని ఇలా నేర్చుకున్నాడంట."

"గన్ను పెట్టుకోవచ్చు గానీ చాకు పెట్టుకోకూడదా?"

"ఎగ్జాక్ట్లీ! నేనూ అదే అన్నా. చాలాసేపు నవ్వాడు."

"పోలీసుతో నీకేం పని?"

"పనేం లేదు. లంచ్‌లో వచ్చి కూర్చుంటాడు. ఎవరన్నా ఒక్కళ్ళే కూర్చుంటే, వాళ్ళ పక్కన."

"అయితే నువ్వు ఒక్కదానివే కూర్చుంటున్నావా?"

ఆపిల్లో సగం నా చేతిలో పెట్టి పైకి వెళ్ళిపోయింది. స్కూల్లో నా కూతురు ఒంటరిగా అన్నం తింటోందని నాకు అలా తెలిసింది. ఆ సంగతి నాకంటే ముందు తెలిసినవాడు ఆ పోలీసు.

నేను ఆయన్ని మొదట చూసింది ఆ తర్వాత కొద్ది రోజులకే. పిల్లల్ని దింపే లైన్లో బస్సులకి కేటాయించిన చోట కారు ఆపాను. ఆయన వచ్చి అద్దం మీద వేలితో తట్టాడు. మన దగ్గర పోలీసు నిలబడి ఉండగా కార్లో కూర్చుని మాట్లాడితే పొగరు అంటారు. నేను వెంటనే తలుపు తీసుకుని దిగి, ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళి ఆగింది. వెనక సీట్లో మేధ "నాన్నా, కార్లో కూర్చో, ప్లీజ్, కార్లో కూర్చో" అని ఏడుపు గొంతుతో అంటోంది.

ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. చెయ్యి నడుము దగ్గర నుంచి తీసేశాడు. అంచులు వెడల్పుగా ఉన్న ఆ టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు.

"సర్, మీరు మర్యాదకి దిగారని నాకు అర్థమైంది. కానీ ఇంకెప్పుడూ దిగకండి. నాలాంటి వాళ్ళందరికీ అది అర్థం కాదు," అన్నాడు.

నేను కారెక్కాను. అవమానం కలగాల్సిన చోట నాకు గర్వం కలిగింది. టోపీ తీశాడు కదా! ఆఫీసుకి వెళ్ళే దారంతా అదే తలుచుకున్నాను. సాయంత్రం మేధతో అంటే తను కళ్ళు పెద్దవి చేసింది.

"నాన్నా, హీ డజ్ దట్ ఫర్ ఎవ్రీబడీ. సిక్స్త్ గ్రేడర్స్ టూర్‌కి వస్తే వాళ్ళకి కూడా తీస్తాడు."

ఏటా బడి తెరిచిన మొదటి వారంలో ప్రతి క్లాసుకీ వెళ్ళి ఆయన ఒకే మాట చెప్పేవాడట. టోపీ తీసి చేత్తో పట్టుకుని, "మీతో మాట్లాడేటప్పుడు ఇది తీస్తాను" అనేవాడు. తర్వాత ఛాతీ మీద బ్యాడ్జ్‌ని వేలితో తట్టి, "ఇది మాత్రం తీయలేను. గుర్తుపెట్టుకోండి" అనేవాడు. పిల్లలు ఆయన గొంతుని అనుకరిస్తూ, ఆ మాటని తమాషాకి ఒకరితో ఒకరు చెప్పుకునేవారు. మేధ కూడా అప్పడం విరుస్తూ "దిస్ ఐ కెనాట్ టేక్ ఆఫ్" అని వాళ్ళమ్మని నవ్వించేది. అందరికీ నోటికొచ్చిన మాట. అందుకే ఎవరి చెవికీ ఎక్కలేదు.

తర్వాతి ఏడాది హైదరాబాదు నుంచి శ్రావ్య అనే అమ్మాయి వచ్చి అదే క్లాసులో చేరింది. తండ్రిది వర్క్ వీసా. ఆ అమ్మాయికి ఇక్కడి యాస ఇంకా అంటలేదు, మా అమ్మాయికి తెలుగు సరిగ్గా నిలవలేదు. ఇద్దరికీ మధ్యలో ఎక్కడో కుదిరింది. "ఆంటీ, మేధకి 'వంకాయ' అనడం రాదు, 'వెన్‌కాయ' అంటది!" అని మా వంటింట్లో పడీ పడీ నవ్వేది. ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర తినడం మొదలుపెట్టాక ఆఫీసరు వాళ్ళ దగ్గర ఆగడం మానేశాడట. "మీ ఇద్దరికీ ఇంక నాతో పనిలేదు" అని ఆపిల్ సగాలు రెండూ వాళ్ళకే ఇచ్చి వెళ్ళిపోయాడట.

ఇక నేను చేసిన పని.

మార్చిలో ఒక శనివారం బట్టలు ఉతకడానికి వేస్తుంటే మేధ హుడీ జేబులో మా ఆవిడకి ఒక చిన్న గొట్టం దొరికింది. పెన్ను టోపీ అంత ఉంది. లోపల తేనె రంగు నూనె. అది గంజాయి నూనె అని, ఆవిరి పీలుస్తారని ఫోన్‌లో వెతికి తెలుసుకున్నాం. మా ఆవిడ మంచం మీద కూలబడింది.

"నేను మాట్లాడతాను దాంతో. మీరు మధ్యలోకి రాకండి," అంది.

"మాటలతో తేలేది కాదిది. కొంచెం భయం తెలియాలి."

"ఎవరు పెడతారు భయం? మీరా? మిమ్మల్ని చూస్తే అది నవ్వుతుంది."

నాకు మా తాత చావడి గుర్తొచ్చింది. అరుగు పక్కన గోడవారగా ఒక పొడవాటి టేకు బల్ల ఉండేది. బీడీ కాలుస్తూనో, కల్లుపాకలోనో, వేరేవాళ్ళ తోటలోనో దొరికిన కుర్రాళ్ళని తలారి తీసుకొచ్చి దాని మీద కూర్చోబెట్టేవాడు. మా తాత వాళ్ళతో మాట్లాడేవారు కాదు. ఆయన పని ఆయన చూసుకునేవారు. ఊరంతా ఆ దారిన పోతూ చూసేది. దీపాలు పెట్టే వేళకి తల ఎత్తి "ఇంక పో" అనేవారు. అంతే, పుస్తకంలో ఒక్క ముక్క ఎక్కేది కాదు. "రాస్తే ప్రభుత్వానిది, రాయకపోతే మనది" అనేవారు మా తాత. ఆ మాట నేను నా చెవులతో విన్నాను. ఆ సోమవారం పొద్దున గుర్తు రావాల్సిన మాట అదొక్కటే. బల్ల గుర్తొచ్చింది గానీ మాట గుర్తు రాలేదు.

సోమవారం మేధని దింపి, కారు సరైన చోట ఆపి, నేను ఆయన గదికి వెళ్ళాను. చిన్న గది. ఇనప టేబుల్, గోడకి ఒక కొక్కెం, దానికి టోపీ. టేబుల్‌కి ఇవతల రెండు కర్ర కుర్చీలు. స్కూలు వాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు విచారణ గదిలో వాటిలా ఉన్నాయని, ఆ రెండూ ఆయన ఎక్కడో పాత సామాన్ల అమ్మకంలో కొని తెచ్చుకున్నాడట. నేను ఒకదానిలో కూర్చున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు. మేధ పేరు 'ధ' ఒత్తి పలికి, "బాగుందా?" అని అడిగాడు.

"మీ నుంచి ఒక చిన్న సాయం కావాలి," అన్నాను. "మా అమ్మాయి దగ్గర ఒకటి దొరికింది. మీరు తనని పిలిచి, కాసేపు ఎదురుగా కూర్చోబెట్టి, కొంచెం భయపెట్టి పంపండి. మీ మాట వింటుంది."

నా చెయ్యి కోటు జేబులో ఉంది. ఆయన ఆ చేతినే చూస్తున్నాడు.

"సర్, మీ జేబులో ఏముందో నాకు తెలీదు. తెలియనంతవరకూ నేను చెయ్యాల్సిన పనేమీ లేదు. వరండా చివర కౌన్సెలర్ గది ఉంది. చాలా మంచి మనిషి. ఆవిడ దగ్గర కూర్చోండి. ఆవిడకి టోపీ లేదు," అన్నాడు.

"నేను మీ దగ్గరికి వచ్చాను."

"అందుకే చెబుతున్నాను. ఈ టేబుల్ మీద ఏది పెట్టినా అది నా చేతుల్లో ఉండదు. నేను భయపెట్టి పంపలేను, రాయాలి. రాశాక అది ఎక్కడిదాకా పోతుందో నాక్కూడా తెలీదు. ఆ చెయ్యి జేబులోంచి తీయకుండా లేచి వెళ్ళండి. మీరు వాతావరణం గురించి మాట్లాడటానికి వచ్చారనుకుంటాను."

ఇంతకంటే విడమర్చి ఏ మనిషీ చెప్పలేడు. కానీ నాకు వినిపించింది వేరు. ఒక గుమ్మానికి వస్తే పక్క గుమ్మానికి పొమ్మంటున్నాడనిపించింది. మా అరుగు మీదికి పని మీద వచ్చినవాణ్ణి మా తాత ఎప్పుడూ పక్కకి పంపలేదు. వెన్ను ఇంకాస్త నిటారుగా పెట్టి, జేబులోంచి ఆ గొట్టం తీసి, టేబుల్ మధ్యలో పెట్టాను.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. రెండు చేతులూ టేబుల్ మీద పరిచి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి లేచాడు. మోకాలు కటుక్కుమంది. కొక్కెం దగ్గరికి వెళ్ళి టోపీ తీసి తల మీద పెట్టుకున్నాడు. నాతో మాట్లాడుతూ ఆయన టోపీ పెట్టుకోవడం అదే మొదటిసారి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో అది నాకు ఇచ్చే గౌరవం అనుకున్నాను.

"ఇది మీరు తెచ్చారని అమ్మాయికి చెప్పనా?" అన్నాడు.

"అవసరం లేదు."

"అయితే నేను చెప్పను. కానీ మీరు చెప్పాలి."

"చెబుతాను," అన్నాను.

ఆ మధ్యాహ్నం మేధని పిలిచారు. ఆ గొట్టం స్కూల్లో ఎక్కడో జారిపడి దొరికిందని తను అనుకుంది. ఆయన టోపీ పెట్టుకునే ఉన్నాడట. బ్యాడ్జ్ తట్టి, ఏటా చెప్పే మాట మళ్ళీ చెప్పి, నువ్వు ఏమీ చెప్పక్కర్లేదు అని కూడా అన్నాడట. కానీ ఎదురుగా ఉన్నది ఆపిల్ విరిచి ఇచ్చిన మనిషి. తను దాచలేదు. "నాది కాదు, శ్రావ్య ఇచ్చింది, ఇద్దరం ఒక్కసారే ట్రై చేశాం" అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ఉంచుకోవడం ఒకటి, ఇవ్వడం ఇంకొకటి. చట్టంలో ఆ రెండూ ఒకే గీతకి ఇటూ అటూ ఉంటాయని నాకు అప్పుడు తెలిసింది. మేధకి కొన్ని శనివారాలు క్లాసులు, పార్కులో చెత్త ఏరడం, అంతటితో సరి. శ్రావ్య మీద పిల్లల కోర్టులో కేసు పెట్టారు. వాళ్ళ నాన్న లాయర్ల చుట్టూ తిరిగాడు. వీసా ఏమవుతుందో, గ్రీన్ కార్డు ఆగిపోతుందేమోనని ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదని మా ఆవిడ వచ్చి చెప్పింది. వేసవి రాకముందే వాళ్ళు టెక్సస్ వెళ్ళిపోయారు. వెళ్ళేముందు శ్రావ్య మేధని ఫోన్లో బ్లాక్ చేసింది. ఆ కేసు చివరికి ఏమైందో నాకు తెలియదు. అడగడానికి ముఖం లేదు.

మేధ విషయంలో కాగితాలు నా పేరుకే వచ్చాయి. అందులో 'ఒక పెద్దవారు అప్పగించారు' అని ఉంది. వాటిని నా సొరుగులో పెట్టి తాళం వేశాను. మా ఆవిడ ఒకటే మాట అంది: "చెప్పాల్సింది మీరు. నేను చెప్పను, అడ్డుకోను." మేధ ఆపిల్స్ తినడం మానేసింది.

ఆ మే నెలలో స్కూల్ బోర్డు ఒక సాయంత్రం సభ పెట్టింది. హైస్కూళ్ళలో పోలీసులు ఉండాలా వద్దా అన్నది విషయం. ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. ఒక తల్లి లేచి, "గన్ పట్టుకుని ఎవడో వచ్చిన రోజు మీరు చర్చ పెట్టుకుని కూర్చుంటారా?" అని ఏడ్చింది. ఇంకొకాయన, నల్లజాతి తండ్రి, "మా అబ్బాయి వరండాలో పరిగెత్తితే వాణ్ణి ఆపేది టీచరా, తుపాకీయా, అది చెప్పండి ముందు" అన్నాడు. తర్వాత మేధ పేరు పిలిచారు. తను పేరు ఇచ్చిందని నాకు అప్పటిదాకా తెలియదు.

మైకు దగ్గర కాగితం పట్టుకుని నిలబడింది గానీ కాగితం చూడలేదు.

"మా స్కూల్ ఆఫీసర్ చెడ్డవాడు కాదు," అంది. "నేను ఒంటరిగా ఉన్నప్పుడు నా పక్కన కూర్చున్నాడు. నా పేరు సరిగ్గా పలికాడు. మంచివాడు కాబట్టే నేను నిజం చెప్పాను. చెడ్డవాడైతే నోరు మూసుకుని ఉండేదాన్ని, నా ఫ్రెండ్ ఇక్కడే ఉండేది. అదే నా కంప్లైంట్. మాకు మంచి పోలీసుని ఇవ్వకండి. మంచివాళ్ళని ఇవ్వాలనుకుంటే పోలీసు కాని వాళ్ళని ఇవ్వండి."

చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు. ఆఫీసరు చివరి వరసలో, ఒళ్ళో టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. లేచి ఒక్క వాక్యం చెబితే చాలు: ఆ గొట్టం నా టేబుల్ మీద పెట్టింది నీ తండ్రి, వద్దని నేను చెప్పాను అని. తల తిప్పి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేను లేచి చెప్పడానికి వీలు ఇస్తున్నాడంతే. నేను నిటారుగా కూర్చుని ఎదురుగా చూశాను. ఆయన కాసేపు ఆగి, టోపీ అంచుని వేళ్ళతో తిప్పుకుంటూ తల దించుకున్నాడు.

బోర్డు పోలీసుల్ని ఉంచాలనే తీర్మానించింది. ఆయన మాత్రం వేరే పని అడిగి వెళ్ళిపోయాడు.

ఆయన్ని చివరిసారి చూసింది కిందటి ఏడాది అక్టోబరులో. కొత్త డేటా సెంటర్ కోసం రోడ్డు తవ్వుతున్నారు. వానలో, మెరిసే చొక్కా వేసుకుని, ఆయన కూడలిలో నిలబడి కార్లని ఆపుతున్నాడు. నా వరసే ఆపాడు. నా కారే ముందుంది. గుర్తుపట్టి, కాలు ఈడ్చుకుంటూ దగ్గరికొచ్చాడు. అద్దం దించాను. ఈసారి కారు దిగలేదు. ఆ వానలోనే టోపీ తీశాడు. నీళ్ళు బట్టతల మీద పడి మెడ లోపలికి కారుతున్నాయి.

"మేధ ఎలా ఉంది?"

"కాలేజీలో ఉంది."

"చెప్పారా?"

నేను తల ఊపాను. అవునన్నట్టు.

ఆయన ముఖం విచ్చుకుంది. "మంచిపని చేశారు సర్. నాకు అదే బాధగా ఉండేది," అన్నాడు. టోపీ పెట్టుకుని, వెనక్కి నడిచి, నాకు దారి ఇచ్చాడు. ఆయనతో నేను చెప్పిన ఆఖరి మాట ఆ అబద్ధం. దానికి నోరు కూడా తెరవలేదు.

జనవరిలో వాకిట్లో మంచు ఎత్తుతూ పడిపోయాడు. ఒంటరి మనిషి. ఇక్కడ మనిషి పోయాక ఇంట్లో సామానంతా వాకిట్లో పరిచి అమ్మేస్తారు. చెల్లెలు ఎక్కడి నుంచో వచ్చి ఆ పని పెట్టుకుంది. ఆ ప్రకటన కూడా మేధే పంపింది. "నేను వీకెండ్ వస్తున్నా. నన్ను అక్కడికి తీసుకెళ్తావా?" అని అడిగింది.

వెళ్ళాం. ఎండ ఉంది గానీ వేడి లేదు. గిన్నెలు, చేపలు పట్టే గాలాలు, మంచు పార, మోకాలికి కట్టుకునే పట్టీలు. మనుషులు ఒక్కో వస్తువూ ఎత్తి చూసి మళ్ళీ పెడుతున్నారు. గ్యారేజీ తలుపు పక్కన ఆ రెండు కర్ర కుర్చీలు ఉన్నాయి. మేధ ఒకదాని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"నేను ఇందులోనే కూర్చున్నా ఆ రోజు," అంది.

"నేను కూడా. అదే రోజు పొద్దున," అన్నాను.

తను నా వైపు తిరిగింది. "వాట్ డు యూ మీన్?"

"అది స్కూల్లో పడిపోలేదమ్మా. నీ హుడీ జేబులో మీ అమ్మకి దొరికింది. నేను తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టాను. పెట్టొద్దన్నాడు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళమన్నాడు. నేను వినలేదు."

పక్కనెవరో టేబుల్ ల్యాంపు వెలుగుతుందా లేదా అని అడుగుతున్నారు.

"ఆయనకి తెలుసు కదా," అంది చివరికి. "మీటింగ్‌లో నేను అన్ని మాటలంటుంటే. హీ న్యూ."

"తెలుసు. నేను చెబుతానన్నాను, అందుకని చెప్పలేదు. తర్వాత ఒకసారి కనపడి అడిగితే చెప్పేశానన్నాను."

"ఆయనకి కూడా అబద్ధం చెప్పావా?"

"చెప్పాను."

"ఎందుకు నాన్నా? అసలు ఎందుకు తీసుకెళ్ళావ్?"

బల్ల గురించి చెప్పాను. చావడి, తలారి, దీపాల వేళ, "ఇంక పో" అన్న మా తాత గొంతు. కొట్టేవారు కాదని, రాసేవారు కాదని, అలాంటిదే ఏదో జరుగుతుందనుకున్నానని చెప్పాను.

"సో ఎవ్రీబడీ జస్ట్ వెంట్ హోమ్?"

"మనవాళ్ళ పిల్లలు వెళ్ళేవారు."

"మిగతావాళ్ళు?"

యాభై ఏళ్ళు వచ్చినా ఆ ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు. జవాబు మాత్రం నాకు తెలుసు. ఊరి బయట పేట నుంచి వచ్చిన కుర్రాళ్ళని ఆ బల్ల మీద కూర్చోనిచ్చేవారు కాదు. నిలబెట్టేవారు.

"వాళ్ళ పేర్లు రాసేవారు," అన్నాను.

"శ్రావ్యది రాసినట్టు."

తను కుర్చీ వీపు మీద నుంచి చెయ్యి తీసి కోటు జేబులో పెట్టుకుంది. కారు వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరగకుండా అడిగింది.

"ఆ బెంచ్ ఇప్పుడెక్కడుంది?"

చావడి పడగొట్టిన ఏడు, తలుపులతో, దూలాలతో కలిపి మా నాన్న దాన్ని సామర్లకోట కలప అడితీకి అమ్మేశారు.